పూర్తి తెలివితో రాసిన వీలునామా

తాడేపల్లిగూడెంలో ఆ ఉదయం శ్యామ్ సుందర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఇంట్లోంచి బయటపడాలి. ఏలూరు వెళ్ళి, లాయరు ఎడ్విన్ గారు రాసిపెట్టిన వీలునామా చదువుకోవాలి. మర్నాడు పదకొండింటికి రిజిస్ట్రారు ఆఫీసులో దాని మీద సంతకం పెట్టాలి. ఈ సంగతేదీ అక్క కనకరత్నం చెవిన పడకూడదు. ఇందులో చివరిది తప్ప మిగిలినవన్నీ ఎవరైనా చేయగలిగిన పనులే.

శ్యామ్ సుందర్‌కి యాభై నాలుగేళ్ళు. గణపవరం పక్క పల్లెలో పుట్టి, కొల్లేటి అంచున చేపల చెరువుల గట్ల మీద పెరిగి, పన్నెండేళ్ళ కిందట జాంబియాలో ఒక చేపల ఫారానికి మేనేజరుగా వెళ్ళాడు. భార్య భాగ్యశ్రీ, కూతురు పింకీ కూడా అక్కడే ఉంటారు. ఈసారి సెలవుకి అతనొక్కడే వచ్చాడు, అదీ ఈ పని కోసమే.

ఆమధ్య పక్క ఫారంలో పనిచేసే ఒక కేరళ ఆయన ఉన్నట్టుండి గుండె ఆగి పోయాడు. వీలునామా లేదు. ఆయన ఇంటివాళ్ళు రెండు దేశాల ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. దాంతో కంపెనీ వాళ్ళు ఒక లాయరుని పిలిపించి, పరాయి దేశం నుంచి వచ్చినవాళ్ళందరి చేతా వీలునామాలు రాయించారు. "ఇక్కడి బ్యాంకు ఖాతాకీ, కారుకీ ఇది సరిపోతుంది. మీ ఊళ్ళో ఇల్లూ పొలమూ ఉంటే వాటికి అక్కడే, అక్కడి చట్టం ప్రకారం, వేరే రాసుకోండి" అని ఆ లాయరు మరీ మరీ చెప్పాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర భాగ్యశ్రీ అడిగింది: "ఏవండీ, తాడేపల్లిగూడెం ఇల్లు మీ పేరనే కదా ఉంది? రేపు మనకేదైనా అయితే వదినగారి సంగతేంటండీ?"

శ్యామ్ సుందర్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ ఇల్లు అతను జాంబియా జీతంతో కట్టించాడు గానీ, పునాది తీసిన రోజు నుంచీ ఎండలో నిలబడి కట్టించింది కనకరత్నమే. హిందీ పండితురాలిగా పనిచేసి రిటైరైంది. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఆ ఇంట్లో ప్రతి కిటికీ ఆవిడ చెప్పిన చోటే ఉంది. కానీ కాగితం మీద మాత్రం ఆవిడకి గుమ్మం కూడా లేదు.

అందుకే వీలునామాలో ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఆ ఇంట్లో ఉండే హక్కు రాయాలని మొగుడూ పెళ్ళాలు అనుకున్నారు. చిక్కల్లా ఆవిడకి చెప్పడం దగ్గరే వచ్చింది. చావు అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ అనకూడదు. పోయినేడు బీమా ఏజెంటు పాపం "మీరు లేకపోతే" అని మొదలెట్టి, వాక్యం పూర్తికాకుండానే వీధిలో తేలాడు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. "ఈ ఇంట్లో నువ్వు ఉండొచ్చక్కా" అని చెప్పడమంటే, "ఈ ఇల్లు నీది కాదక్కా" అని చెప్పడమే కదా. ఆ మాట అనే ధైర్యం శ్యామ్ సుందర్‌కి లేదు.

కాబట్టి చెప్పులు వేసుకుంటుండగా కనకరత్నం వంటింట్లోంచి వచ్చి, "ఎక్కడికిరా పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నావు?" అనగానే, నోటికొచ్చిన మొదటి మాట అనేశాడు.

"ద్వారకా తిరుమలక్కా. చిట్టిబాబు కారేసుకొస్తున్నాడు."

కనకరత్నం మొహం విప్పారింది. "ఎంత మంచిమాట చెప్పావురా! నీకు అక్కడ మలేరియా వచ్చి పడుకున్నప్పుడు స్వామికి మొక్కుకున్నాను. నీ తలనీలాలు ఇప్పిస్తానని."

"నా తలనీలాలు నువ్వు మొక్కుకోవడమేంటక్కా?"

"మరి నావి మొక్కుకోమంటావా?"

శ్యామ్ సుందర్ అప్రయత్నంగా తల తడుముకున్నాడు. ఆ వయసులో కూడా దువ్వెన విరిగేంత ఒత్తుగా ఉండే జుట్టు అతనిది. తోటివాళ్ళంతా నుదుళ్ళు పెంచుకుంటుంటే తను పాపిడి మార్చుకుంటున్నానని లోపల కాస్త గర్వం కూడా ఉండేది. "ఈసారి కాదులే అక్కా" అందామనుకున్నాడు. కానీ ఆవిడ అప్పటికే గుండుకి రాసుకోవడానికి గంధం పొట్లం కట్టి చేతిలో పెట్టింది.

* * *

చిట్టిబాబు గణపవరంలో చేపల మేత డీలరు, శ్యామ్ సుందర్‌కి బళ్ళో పక్క బెంచీ. వీలునామాకి ఒక సాక్షి అతనే. మంచివాడే గానీ, ఏ సంగతైనా "ఎవరితోనూ అనకండే" అని ఊళ్ళో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే అలవాటుంది. కారులో కూర్చున్నప్పటి నుంచీ నవ్వు ఆపుకోలేకపోయాడు.

"అబద్ధం ఆడేవాడివి ఏ సినిమాకో అనచ్చుగా, గుండు లేనిది!"

"రోడ్డు చూసి నడుపు" అన్నాడు శ్యామ్ సుందర్. ద్వారకా తిరుమల వెళ్ళే మలుపు దగ్గర కళ్ళు మూసుకుని స్వామికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాడు.

ఏలూరులో ఎడ్విన్ గారు నింపాదైన మనిషి. ప్రతి వాక్యం చదివి, అర్థం చెప్పి, అప్పుడు గానీ రెండో వాక్యానికి వెళ్ళరు.

"చూడండి, మామూలుగా అందరికీ 'ఇంతకు ముందు రాసిన వీలునామాలన్నీ రద్దు' అని రాస్తామండీ. మీకలా రాస్తే జాంబియాలో రాసింది కూడా పోతుంది. అందుకని 'ఇండియాలో ఉన్న ఆస్తికి సంబంధించినంత వరకు' అని మార్చాను. గణపవరం దగ్గర మీ చేపల చెరువులు భార్యకి, ఇల్లు కూడా భార్యకే, అక్కగారికి జీవితాంతం నివాసపు హక్కు. అంతేనాండీ?"

"అంతేనండీ."

"సాక్షులు ఇద్దరు. ఒకరు చిట్టిబాబు గారు. రెండో సాక్షి డాక్టరైతే మంచిదండీ. ఆ డాక్టరు చేతే మీకు మతి స్థిమితంగా ఉందని ఒక సర్టిఫికెట్ కూడా రాయించుకుందాం. మీరేమో దేశంలో ఉండరు. రేపెవరైనా 'మతి సరిగ్గా లేనప్పుడు రాశాడు' అని కోర్టుకెక్కితే, చెప్పడానికి మీరుండరు కదా."

"అప్పుడు నేను ఏ దేశంలోనూ ఉండనుగా" అన్నాడు శ్యామ్ సుందర్. ఎడ్విన్ గారు నవ్వలేదు. పక్క వీధిలో డాక్టరు జాయ్సీ గారి క్లినిక్కి ఫోన్ చేసి, ఇప్పుడే పంపిస్తున్నానని చెప్పారు.

ఆ క్లినిక్కి రెండు గుమ్మాలు, ఒకే వరండా. ఎడమవైపు జాయ్సీ గారు జ్వరాలూ బీపీలూ చూస్తారు. కుడివైపు గదిలో వారానికోసారి మానసిక వైద్యుడు వస్తాడు. ఆ రోజు ఆయన వచ్చే వారమే. శ్యామ్ సుందర్ వరండాలో బెంచీ మీద కూర్చుని తన వంతు కోసం చూస్తుండగా, కౌంటరులో అమ్మాయి గొంతెత్తి పిలిచింది.

"మతి స్థిమితం సర్టిఫికెట్ ఎవరండీ? మతి స్థిమితం!"

వరండాలో ఉన్న వాళ్ళంతా తలెత్తారు. అందులో ఒక తల శ్రావ్యది. తాడేపల్లిగూడెంలో కనకరత్నం దగ్గర హిందీ నేర్చుకున్న పిల్ల, ఇప్పుడు ఏలూరులో కాపురం. చంకలో దగ్గుతున్న బాబు.

"అంకుల్! మీరా? కనకరత్నం మేడమ్ తమ్ముడుగారు కదండీ? ఇక్కడ... మీకేనా అండీ?"

"నాకు కాదమ్మా. చిట్టిబాబుకి" అన్నాడు శ్యామ్ సుందర్.

చిట్టిబాబు లేచి నిలబడ్డాడు. "నాకేంట్రా! నాకు నిక్షేపంగా ఉంది!" అన్నాడు గట్టిగా. వరండాలో ఇద్దరు ముగ్గురు పాపం అన్నట్టు చూశారు. అలా అరిచేవాళ్ళని వాళ్ళు ఆ వరండాలో చాలామందిని చూసి ఉన్నారు.

"నాకేనమ్మా" అని ఒప్పుకుని శ్యామ్ సుందర్ గబగబా లోపలికి వెళ్ళిపోయాడు. ఇలా ఒప్పుకోవడం ఇంకా పెద్ద పొరపాటని అతనికి తట్టలేదు.

జాయ్సీ గారు సౌమ్యంగా మాట్లాడే పెద్దావిడ. పేరు, వయసు, తారీకు అడిగారు, చెప్పాడు. వందలోంచి ఏడేసి తగ్గిస్తూ రమ్మన్నారు. జీవితమంతా చేపపిల్లల్ని లెక్కపెట్టిన మనిషి, తడుముకోకుండా రెండుకి దిగేశాడు. ఆవిడ మెచ్చుకోలుగా తలాడించి, "చివరి ప్రశ్నండీ" అంటుండగా అతని ఫోన్ మోగింది. కనకరత్నం. ఎత్తకపోతే ఇంకా అనుమానమని ఎత్తాడు.

"ఏరా, ఎక్కడున్నావురా నువ్వు?" అంది కనకరత్నం ఫోనులో.

"ఇప్పుడు మీరెక్కడున్నారో చెప్పండి" అన్నారు జాయ్సీ గారు ఎదురుగా.

"కొండ మీదున్నానక్కా" అన్నాడు శ్యామ్ సుందర్.

డాక్టరు గారి పెన్ను ఆగింది.

"స్వామి కనిపిస్తున్నాడా?"

"కనిపిస్తున్నాడక్కా. ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు" అన్నాడు, చూపు ఎటు తిప్పాలో తెలియక డాక్టరు గారి వైపే చూస్తూ. ఆవిడ కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నారు.

సరిగ్గా అప్పుడే బయట కౌంటరు అమ్మాయి, "బీపీ చూపించుకునేవాళ్ళు ఇటు రండి!" అని కేకేసింది.

"గుడిలో బీపీ ఏంట్రా?"

"కొండెక్కినవాళ్ళకి చూస్తున్నారక్కా. కొత్త రూలు" అని ఫోన్ పెట్టేశాడు.  ఎదురుగా ఉన్నావిడ మొహం చూసి గబగబా వివరించాడు. "మా అక్కకి అబద్ధం చెప్పానండీ. నేను ఏలూరులోనే ఉన్నానని నాకు తెలుసండీ."

"తెలుసండీ, తెలుసు" అన్నారు జాయ్సీ గారు, చంటిపిల్లవాడికి చెప్పినట్టు. "రాత్రి నిద్ర పడుతోందాండీ?"

"లేదండీ. ఇక్కడ పడుకునే టైముకి నాకు అక్కడ సాయంత్రం."

ఆవిడ అది కూడా రాసుకున్నారు. కాగితం మాత్రం ఇవ్వలేదు. "మీరు బాగానే ఉండి ఉండచ్చండీ. కానీ రేపు కోర్టులో ప్రమాణం చేసి చెప్పాల్సింది నేను కదా. మీ ఇంట్లోవాళ్ళని ఎవరినైనా తీసుకురండి, వాళ్ళతో మాట్లాడి ఇస్తాను."

ఇంకో డాక్టరు దగ్గరికి వెళదామంటే ఎడ్విన్ గారు ఒప్పుకోలేదు. "ఒకరు ఇవ్వనన్నాక ఇంకొకరి దగ్గర తీసుకుంటే, దాన్నే పట్టుకుంటారండీ రేపు. రిజిస్ట్రేషను టైము రేపు పదకొండింటికి అలాగే ఉంచుతాను. పొద్దున్నే మీ అక్కగారిని తీసుకొచ్చెయ్యండి."

ఏ అక్కకి తెలియకూడదనుకున్నాడో ఆ అక్కనే తీసుకొచ్చి, మతి ఉందని చెప్పించుకోవాలి. శ్యామ్ సుందర్ ఏలూరు వీధిలో నిలబడి కాసేపు ఆలోచించాడు. ఏ దారీ కనిపించలేదు గానీ, ఎదురుగా ఒక సెలూన్ కనిపించింది.

"కొండకి వెళ్ళొచ్చే టైము లేదు. గుండు ఎక్కడైనా గుండే" అన్నాడు చిట్టిబాబు.

మంగలి జుట్టు చూసి, "ఇంత బాగుంటే తీయించేస్తారేంటండీ? ఎవరైనా పోయారాండీ?" అని అడిగాడు.

"ఎవరూ పోలేదు. కానియ్యి" అన్నాడు శ్యామ్ సుందర్, కళ్ళు గట్టిగా మూసుకుని.

* * *

అదే సమయంలో తాడేపల్లిగూడెంలో ఏం జరుగుతోందో అతనికి తర్వాత గానీ తెలియలేదు.

మొదట శ్రావ్య ఫోన్ చేసింది. "మేడమ్, చెప్పచ్చో లేదో తెలియదు గానీ, అంకుల్‌ని పిచ్చి డాక్టరు దగ్గర చూశానండీ." కనకరత్నం ఆ అమ్మాయిని కోప్పడింది. అయినా తమ్ముడికి ఇందాక ఫోన్ చేసింది ఆ అనుమానంతోనే. కొండ మీదున్నానన్నాడు గానీ, ఆ కొండ మీద బాబు దగ్గుతున్నాడు, ఫ్యాను కిచకిచమంటోంది, బీపీ చూస్తున్నారు.

మనసాగక జాంబియాకి ఫోన్ చేసింది. అక్కడ ఇంకా ఎనిమిది కాలేదు. నిద్రమత్తులో ఉన్న భాగ్యశ్రీకి, "వాడు ఏలూరు ఎందుకు వెళ్ళాడో నాకు తెలిసిపోయిందమ్మా" అన్న మాట వినగానే మత్తు వదిలింది. "తెలిసిపోయిందాండీ వదినగారూ? మీరు బాధపడతారని చెప్పలేదండీ. వీలునామా పని అయిపోతే నిశ్చింతగా ఉంటారు కదా అని..."

వీలునామా! కనకరత్నం ఆ ఫోన్ పెట్టేసింది. చివరికి చిట్టిబాబుకి ఫోన్ చేసింది.

"వాడేం చేస్తున్నాడు చిట్టిబాబూ? నిజం చెప్పు."

అప్పటికి కత్తి నడినెత్తి దాటింది. చిట్టిబాబు గొంతు తగ్గించి, "ఎవరితోనూ అనకండే అక్కగారూ. ఇప్పుడే తల నున్నగా గీసేస్తున్నారండీ. అసలు పని రేపు పదకొండింటికండీ" అన్నాడు.

తల లోపలి డాక్టరు, వీలునామా, నున్నగా గీసిన తల, రేపు పదకొండు గంటలు. ముప్ఫయ్యేళ్ళు పిల్లల చేత ఖాళీలు పూరింపించిన కనకరత్నానికి ఈ ఖాళీ పూరించడం ఎంతసేపు? తమ్ముడి మెదడులో గడ్డ. రేపు ఆపరేషన్.

* * *

సాయంత్రం కారు ఇంటి ముందు ఆగేసరికి వీధి వీధంతా వరండాలో ఉంది. అందరూ చప్పుడు చెయ్యకుండా కూర్చున్నారు. శ్యామ్ సుందర్ నున్నటి తలతో, ఏలూరులో కొన్న లడ్డూల పొట్లంతో గేటు తీయగానే, ఎదురింటావిడ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. ఎవరో కొబ్బరి బొండాం చేతికిచ్చారు. గుండు చేయించుకొస్తే ఇంత మర్యాద జరుగుతుందని అతనికి ఇంతకు ముందు తెలియదు.

కనకరత్నం వచ్చి ఆ గుండు రెండు చేతులతో పట్టుకుని భోరుమంది.

"నా దగ్గర దాస్తావేంట్రా! భాగ్యం అంతా చెప్పేసింది!"

శ్యామ్ సుందర్ ఉలిక్కిపడ్డాడు. వెంటనే గుండెల మీంచి బరువు దిగినట్టయింది. తెలిసిపోయిందన్నమాట! ఇన్నాళ్ళూ అనవసరంగా భయపడ్డాడు.

"నీకు బాధ కలుగుతుందనే చెప్పలేదక్కా. తెలిసింది కదా, ఇంక ఏడవకు. రేపు పదకొండింటికి అయిపోతుంది."

"అంత తొందరేంట్రా?"

"ఆలస్యం చేస్తే ప్రమాదం అన్నారక్కా. కేరళ ఆయన అలాగే రేపు మాపు అంటూ ఉండగానే పోయాడు."

వరండాలో నిట్టూర్పులు వినిపించాయి. కనకరత్నం కళ్ళు తుడుచుకుని గొంతు సవరించుకుంది. "చేసేదెవరు?"

"ఎడ్విన్ గారని. చేయి తిరిగిన మనిషి. రోజుకి ఐదారు చేసి పారేస్తారు."

"ఐదారా! ఎంతసేపు పడుతుందట?"

"మన వంతు వచ్చాక పావుగంట."

"ఈరోజుల్లో అంతా మిషన్ల మీదే కదండీ" అంది ఎదురింటావిడ ఓదార్పుగా. "మత్తు ఇస్తారా బాబూ?"

"మత్తేంటండీ! మత్తులో ఉంటే అసలు చెల్లదు. పూర్తి తెలివితో ఉండాలి. వాళ్ళడిగేవాటికి జవాబులు కూడా చెప్పాలి."

"అయ్యో భగవంతుడా! నొప్పి?"

"నొప్పేముందండీ, వేలు ఆనించి తియ్యడమే కదా." శ్యామ్ సుందర్ నవ్వి బొండాం ఒక గుక్క తాగాడు. అతని ధైర్యానికి వెనకాల ఇద్దరు ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు.

కనకరత్నం ఇంక ఉగ్గబట్టుకోలేకపోయింది. "ఒరే, ఒక్కటి చెప్పు. ఇది చేయించుకుంటే గుణం ఉంటుందా?"

"ఉంటుంది అక్కా. కాకపోతే ఇప్పుడే కాదు. నేను పోయాక గానీ ఇది పనిచెయ్యదు."

కనకరత్నం ఏడుపు ఠక్కున ఆగింది.

"పోయాక పనిచేసే ఆపరేషనేంట్రా?"

"ఆపరేషనేంటక్కా?"

అక్కాతమ్ముళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వరండాలో వాళ్ళు వాళ్ళిద్దరి మొహాలూ చూశారు. కారు దగ్గర నిలబడ్డ చిట్టిబాబు తనకి వేరే పని ఉన్నట్టు టైర్లు చూడడం మొదలెట్టాడు. ఆ తర్వాత అసలు విషయం బయటికి రావడానికి ఎక్కువసేపు పట్టలేదు. గడ్డ లేదని తేలాక అందరూ సంతోషించారు గానీ, కొబ్బరి బొండాం ఇచ్చినాయన మాత్రం కాస్త ఓడిపోయినట్టు వెళ్ళిపోయాడు.

* * *

అందరూ వెళ్ళాక అక్కాతమ్ముళ్ళు ఇద్దరే మిగిలారు. కనకరత్నం లడ్డూ చిదిపి వాసన చూసి పక్కన పెట్టేసింది.

"ఇది కొండ మీదిది కాదు. ఆ గుండూ కాదు. స్వామికివ్వాల్సింది సెలూన్ వాడికిచ్చి వచ్చావు. మొక్కు అలాగే ఉంది, పెరిగాక మళ్ళీ రా."

"అలాగే అక్కా."

"ఇప్పుడు చెప్పు. ఏం రాయించావు?"

చెప్పాడు. తల దించుకుని, మాటలు ఏరుకుంటూ, నివాసపు హక్కు దాకా వచ్చి ఆగిపోయాడు.  కనకరత్నం గోడకేసి చూసింది. ఆ గోడకి రంగు ఏది వెయ్యాలో పన్నెండు రంగులు పూయించి చూసి తేల్చింది ఆవిడే.

"ఈ ఇల్లు నాది కాదని నాకు తెలియదనుకున్నావురా? ఏడాదికి రెండుసార్లు పన్ను కట్టి, రసీదు మీద నీ పేరు చదువుకునేది నేనే కదా" అంది మెల్లగా. "నువ్వు వచ్చినప్పుడల్లా ఈ మాట ఎప్పుడు ఎత్తుతావో అని చూసేదాన్ని. వీడు అమ్మేస్తానంటే ఎక్కడికి పోవాలి అని."

 ఇల్లు నీది కాదని అక్కతో అనడానికి తను భయపడుతుంటే, అక్క తనెప్పుడు అంటాడోనని భయపడుతోందన్నమాట అనుకున్నాడు శ్యామ్ సుందర్. "అలా ఎలా అనుకున్నావక్కా? అందుకే కదా రాయిస్తున్నాను. జీవితాంతం నువ్వు ఇక్కడే ఉండచ్చు."

"ఎవరి జీవితాంతం?"

"నీ జీవితాంతమే."

"ఎప్పటి నుంచి?"

"నేను పోయినప్పటి నుంచి."

కనకరత్నం కుర్చీలో సర్దుకుని కూర్చుంది. తప్పు జవాబు చెప్పిన పిల్లాణ్ణి చూసినట్టు చూసింది.

"ఒరే, నేను నీకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. షుగరుంది, మోకాళ్ళు పోయాయి. నాకు ఈ ఇంట్లో హక్కు రావాలంటే ముందు నిన్ను సాగనంపాలి, ఆ తర్వాత నేను బతికుండాలి. ఇదేనా మొగుడూ పెళ్ళాలు సముద్రాలవతల కూర్చుని ఆలోచించింది?"

 వందలోంచి ఏడేసి తగ్గించగలిగిన మనిషికి, అరవై మూడులోంచి యాభై నాలుగు తీసేయాలని ఇన్నాళ్ళూ తట్టలేదు.

"మరేం చెయ్యమంటావక్కా?"

"ఇచ్చేదేదో బతికుండగా ఇవ్వు. నా తమ్ముడి చావు కోసం ఎదురుచూసే ఆస్తి నాకొద్దు."

అతను అక్కడికక్కడే భాగ్యశ్రీకి ఫోన్ చేశాడు. "ముందే అలా చేసుంటే సరిపోయేది కదండీ! వదినగారికి ఇచ్చెయ్యండి. మీ తలకి ఏమీ లేదు కదా?" అంది భాగ్యశ్రీ.

"జుట్టొక్కటే లేదు" అన్నాడు శ్యామ్ సుందర్.

* * *

మర్నాడు పొద్దున్నే కనకరత్నం గంజి పెట్టిన చీర కట్టుకుని జాయ్సీ గారి ఎదుట కూర్చుంది.

"తమ్ముడుగారిలో ఈమధ్య ఏమైనా మార్పు కనిపించిందాండీ?"

"నిన్నటి నుంచి జుట్టు లేదండీ. అది తప్ప ఏమీ లేదు."

"తెలివితేటలు?"

"చిన్నప్పుడు ఎంత ఉండేవో ఇప్పుడూ అంతే ఉన్నాయండీ. పెరగలేదు, తగ్గలేదు."

జాయ్సీ గారు ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం అక్కర్లేదని సంతకం పెట్టేశారు.

ఎడ్విన్ గారు మాత్రం ఆ పదకొండు గంటల పనిని రెండు రోజులు వాయిదా వేశారు. కాగితాలన్నీ మళ్ళీ రాయాలి. చెరువులు భార్యకి రాసిన వీలునామా వేరు, ఇల్లు అక్కకి ఇస్తూ రాసే గిఫ్ట్ డీడ్ వేరు. అనుకున్న రోజున రెండూ రిజిస్టరయ్యాయి. ఆధార్ ఫోటోలో మనిషికీ ఎదురుగా ఉన్న మనిషికీ పోలిక లేదని ఆఫీసులో కాస్త సందేహించారు గానీ, వేలిముద్ర అతనిదేనని మిషను ఒప్పుకుంది. శ్యామ్ సుందర్‌కి మనసు దూదిపింజలా తేలికయింది. అక్క పేరు మీద ఇల్లు. ఇంక ఏ దేశంలో ఉన్నా కంటినిండా నిద్రపోవచ్చు.

బయటికి వచ్చి కారెక్కబోతుండగా కనకరత్నం ఆగిపోయింది.

"ఎడ్విన్ గారూ, నాదో మాటండీ. ఇప్పుడు ఈ ఇల్లు పూర్తిగా నాదే కదండీ?"

"మీదేనండీ. ఎవరూ కాదనలేరు."

"అయితే నాకూ ఒక వీలునామా రాసెయ్యండి. ఎలాగూ సాక్షులు కూడా ఉన్నారు."

శ్యామ్ సుందర్ కళ్ళు చెమర్చాయి. ఎంత ఆపేక్ష! ఇచ్చిన ఇల్లు మళ్ళీ తనకే రాస్తోంది. "ఎందుకక్కా ఇప్పుడు..." అని మొహమాటపడ్డాడు.

అందరూ మళ్ళీ ఎడ్విన్ గారి ఆఫీసుకి వచ్చారు. ఆయన కొత్త కాగితం తీసుకుని, "మీ తదనంతరం ఇల్లు ఎవరికి చెందాలండీ? తమ్ముడుగారికేనా?" అన్నారు.

"వీడికా!" అంది కనకరత్నం. "భాగ్యశ్రీకి రాయండి. మా మరదలికి."

"అదేంటక్కా? నాకెందుకు కాదు?"

"నీ చేతిలో ఆస్తి నిలుస్తుందని నమ్మకమేంట్రా? అడిగీ అడగ్గానే ఇల్లు రాసిచ్చేశావు. నేను కాబట్టి సరిపోయింది. ఇంకెవరైనా అడిగుంటే?"

ఎడ్విన్ గారికి ముప్ఫయ్యేళ్ళ ప్రాక్టీసులో ఎన్నో కారణాలు విని అలవాటే గానీ, ఇందులో వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. మాట్లాడకుండా రాసుకుపోయారు. అంతా అయ్యాక శ్యామ్ సుందర్, కనీసం సాక్షి సంతకమైనా తనే పెడదామని పెన్ను తీశాడు. భార్యకి ఆస్తి వస్తున్నప్పుడు భర్త సాక్షిగా ఉండకపోవడమే మంచిదని ఎడ్విన్ గారు మెత్తగా చెప్పడంతో, ఆ ఇల్లు కట్టించిన మనిషి పెన్ను చిట్టిబాబు చేతికిచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు.